సిగ్నల్ లేని అడవిలో ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది? తలకోన జలపాతానికి ఒక్కరోజు హైక్ ప్లాన్ చేసుకోండి ఇలా

కొత్త ఫోన్ రివ్యూ అంటే మనం ఏం చూస్తాం? కెమెరా, ప్రాసెసర్, డిస్‌ప్లే, ఛార్జింగ్ స్పీడ్. ఇవన్నీ సిటీలో, ఫుల్ సిగ్నల్‌లో, ఛార్జర్ చేతికందే దూరంలో పెట్టుకుని చూసే విషయాలు. అదే ఫోన్‌ని జేబులో వేసుకుని అడవిలోకి రెండు కిలోమీటర్లు నడిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. 200 మెగాపిక్సెల్ కెమెరా కంటే, ముందు రోజు రాత్రి డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ విలువ ఎక్కువ అక్కడ.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. విషయం బయటికి తెలిసింది వాళ్ల ఫోన్ల ద్వారానే. వాగు దాటే ప్రయత్నం చేయొద్దని పోలీసులు ఫోన్‌లోనే చెప్పారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ టీమ్ వెళ్లి వాళ్లను రాత్రికి రాత్రే బయటికి తీసుకొచ్చింది. ఒక్కసారి ఆలోచించండి: ఆ సాయంత్రానికి అందరి ఫోన్లూ రీల్స్ తీసి తీసి స్విచ్ఛాఫ్ అయిపోయి ఉంటే?

అందుకే ఈ ఆర్టికల్‌లో ఒక చిన్న హైక్‌ని మొదటి నుంచి చివరి దాకా ప్లాన్ చేద్దాం. నేను పాటించే సూత్రం ఒక్కటే: అడవిలో ఫోన్ చేయాల్సిన పనుల్లో ముప్పావు వంతు ఇంట్లో వై-ఫై ఉండగానే అయిపోవాలి. మిగిలిన పావు వంతు కోసం బ్యాటరీ దాచుకోవాలి.

ఎక్కడికి? తలకోన ఎందుకు?

ఉదాహరణకి తిరుపతి జిల్లాలోని తలకోన తీసుకుంటున్నా. కారణం ఏంటంటే ఇది కొత్తవాళ్లు కూడా వెళ్లగలిగే చోటు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్ల రోడ్డు. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాలి. శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలో ఉంది. ఈ కొండలన్నీ 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్‌లో చేరాయి. జలపాతం ఎత్తు దాదాపు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఎత్తైన జలపాతం అని చెబుతారు. సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక అడవిలోకి రాళ్ల దారి, మెట్లు, పైన దట్టంగా చెట్లు. దూరం తక్కువే, కానీ సాఫీగా ఉండే పార్కు వాకింగ్ ట్రాక్ మాత్రం కాదు.

ప్రశాంతంగా ఉంటుందా అంటే, అది మీరు వెళ్లే రోజుని బట్టి ఉంటుంది. ఆదివారం, పండగ సెలవులు, కార్తీక సోమవారాలు, శివరాత్రి అయితే జనమే జనం. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్తే నీళ్ల చప్పుడు, పక్షుల కూతలు మాత్రమే వినిపిస్తాయి. కాబట్టి ఒక రోజు లీవ్ పెట్టగలిగితే వీక్ డే ఎంచుకోండి. ఎంత ఖరీదైన నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ అయినా ఆ ప్రశాంతతని ఇవ్వలేవు.

సీజన్ విషయానికొస్తే, ఈ ప్రాంతానికి నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. నా లెక్కలో మంచి సమయం డిసెంబర్ రెండో సగం, జనవరి. వానలు తగ్గి ఉంటాయి, జలపాతంలో నీళ్లు ఉంటాయి, ఎండ మరీ చంపదు. వేసవిలో ధార సన్నబడిపోతుంది.

జీపీఎస్ వేరు, సిగ్నల్ వేరు

చాలామందికి ఇక్కడే కన్‌ఫ్యూజన్. "నెట్ లేకపోతే మ్యాప్ పనిచేయదు కదా" అంటారు. సగమే నిజం.

జీపీఎస్ అనేది మీ ఫోన్ వినే రేడియో లాంటిది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు టైమ్‌నీ, తమ స్థానాన్నీ నిరంతరం ప్రసారం చేస్తూ ఉంటాయి. మీ ఫోన్ కనీసం నాలుగు శాటిలైట్ల సిగ్నల్ విని, ఒక్కోటి రావడానికి ఎంత సమయం పట్టిందో లెక్కేసి, తను ఎక్కడుందో కనుక్కుంటుంది. ఫోన్ తిరిగి ఏమీ పంపదు. అందుకే దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది.

మరి అడవిలో మ్యాప్ ఎందుకు ఆగిపోతుంది? నీలం చుక్క కనిపిస్తుంది, కానీ దాని వెనక ఉండాల్సిన మ్యాప్ బొమ్మ ఇంటర్నెట్ నుంచి రావాలి. అది రాక, ఖాళీ బూడిద రంగు స్క్రీన్ మీద చుక్క ఒక్కటే మిగులుతుంది. సమస్య జీపీఎస్‌ది కాదు, మీరు మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోకపోవడమే.

ఇంకో విషయం. సిటీలో ఫోన్ తెరవగానే లొకేషన్ క్షణాల్లో దొరకడానికి కారణం అసిస్టెడ్ జీపీఎస్. ఏ శాటిలైట్ ఎక్కడుందో చెప్పే డేటాని ఫోన్ ఇంటర్నెట్ నుంచి లాగేస్తుంది. నెట్ లేనప్పుడు అదే డేటాని శాటిలైట్ నుంచే నెమ్మదిగా వినాలి. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి రిపీట్ చేస్తుంది. చెట్ల కింద మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటికి. ఈ డేటా కొన్ని గంటలు మాత్రమే పనికొస్తుంది కాబట్టి నిన్న రాత్రిది ఇవాళ సరిపోదు. అందుకే నేను దారిలో నెట్ ఇంకా ఉండగానే మ్యాప్ యాప్ ఓపెన్ చేసి, లొకేషన్ కరెక్ట్‌గా చూపించాకే ముందుకు కదులుతాను.

ఖచ్చితత్వం ఎంత? ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల లోపు చూపిస్తుంది. కోనలో అలా ఉండదు. రెండు వైపులా కొండ గోడ, పైన ఆకులు. సిగ్నల్ బండకి తగిలి తిరిగి ఫోన్‌కి చేరితే, ఆ అదనపు ప్రయాణం వల్ల చుక్క పదుల మీటర్లు పక్కకి జరుగుతుంది. ఇక్కడే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ ఉపయోగపడుతుంది. ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా వినే ఫోన్లు అసలు సిగ్నల్‌కీ, తగిలి వచ్చిన సిగ్నల్‌కీ తేడా మెరుగ్గా పసిగడతాయి. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఈ ఫీచర్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. మన ఇస్రో నావిక్ కూడా ఎల్5లో ప్రసారం చేస్తుంది. స్పెసిఫికేషన్ షీట్‌లో మనం చూడకుండా దాటేసే లైన్ ఇదే. ఈసారి ఫోన్ కొనేటప్పుడు ఒకసారి చూడండి.

మ్యాప్: ముందు రోజు రాత్రి చేయాల్సిన పని

రెండు యాప్స్ పెట్టుకోండి.

మొదటిది గూగుల్ మ్యాప్స్. ప్రొఫైల్ ఫోటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, తిరుపతి నుంచి తలకోన దాకా ఉన్న ఏరియా మొత్తం బాక్స్‌లోకి తెచ్చి డౌన్‌లోడ్ చేయండి. ఇది రోడ్డు ప్రయాణానికి. గుర్తుంచుకోండి, ఆఫ్‌లైన్‌లో గూగుల్ డ్రైవింగ్ దారి చూపిస్తుంది కానీ నడక దారి చూపించదు.

రెండోది ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓఎస్ఎమ్‌అండ్. ఈ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడతాయి. వాలంటీర్లు గీసిన కాలిబాటలు, వాగులు చాలా చోట్ల ఇందులో దొరుకుతాయి. ఇవి కూడా మొత్తం డౌన్‌లోడ్ అయిపోతాయి.

డౌన్‌లోడ్ అయ్యాక ఒక టెస్ట్ చేయండి. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి, వై-ఫై కూడా ఆపేసి, యాప్‌ని పూర్తిగా క్లోజ్ చేసి మళ్లీ తెరిచి, తలకోన దగ్గర జూమ్ చేయండి. బాటలు, పేర్లు కనిపిస్తే మీ పని అయినట్టే. ఇంట్లో కనిపించనిది అడవిలో అస్సలు కనిపించదు.

అడవిలో అన్నిటికంటే పనికొచ్చే ఫీచర్ ట్రాక్ రికార్డింగ్. మీరు నడిచిన దారిని యాప్ ఒక గీతలా గీసుకుంటూ పోతుంది. దారి తప్పితే ముందుకెళ్లి షార్ట్‌కట్ వెతక్కండి. ఆ గీత మీదే వెనక్కి నడవండి. ఒక్క సెట్టింగ్ మాత్రం మర్చిపోవద్దు: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు స్క్రీన్ ఆఫ్ అవగానే బ్యాక్‌గ్రౌండ్ యాప్స్‌ని చంపేస్తాయి. కాబట్టి యాప్ ఇన్ఫోలో బ్యాటరీ సెక్షన్‌కి వెళ్లి, ఆ మ్యాప్ యాప్‌కి పరిమితులు లేకుండా చేయండి. ఊళ్లోనే పావుగంట నడిచి, గీత తెగకుండా వస్తోందో లేదో చూసుకోండి.

బ్యాటరీ: చివరి 40 శాతం మీది కాదు

సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ ఊరుకోదు. టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, దొరికిన బలహీనమైన సిగ్నల్‌ని పట్టుకోవడానికి ఎక్కువ పవర్‌తో ప్రయత్నిస్తుంది. జేబులో ఊరికే ఉన్న ఫోన్ కూడా వేడెక్కి, ఛార్జింగ్ కరిగిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అందుకని నడక మొదలవగానే ఫ్లైట్ మోడ్. జీపీఎస్ పనిచేస్తుంది, కెమెరా పనిచేస్తుంది, అలారం పనిచేస్తుంది. గ్రూప్‌లో ఒక్క ఫోన్ మాత్రం మామూలు మోడ్‌లో ఉంచండి. అది కూడా గ్రూప్‌లో వేర్వేరు నెట్‌వర్క్ సిమ్‌లు ఉంటే, చెక్‌పోస్టు దగ్గర ఏ నెట్‌వర్క్ బాగుందో చూసి ఆ ఫోన్ ఉంచండి.

నేను పాటించే బ్యాటరీ బడ్జెట్ ఇది:

- 100 నుంచి 60 శాతం దాకా: ఫోటోలు, వీడియోలు, మ్యాప్. మీ ఇష్టం.
- 60 నుంచి 40 దాకా: మ్యాప్ మాత్రమే. కెమెరా బంద్.
- 40 కింద: ఇది ఫోటోలది కాదు. దారి తప్పితే, చీకటి పడితే, ఎవరికైనా దెబ్బ తగిలితే వాడేది.

పవర్ బ్యాంక్ ఉంది కదా అంటారా? లెక్క చూద్దాం. 10,000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్ లెక్క, సుమారు 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్స్. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. అందుకే పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ 6,000 ఎంఏహెచ్‌కి అటూ ఇటూగా రాసి ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని అది ఒకసారి పూర్తిగా, ఆపైన ఇంకో కొంత నింపుతుంది, అంతే. నలుగురికి ఒక్క పవర్ బ్యాంక్ అంటే ఎవరికీ లేనట్టే. ఒక్కరోజు హైక్‌కి ఇద్దరికి ఒకటి చాలు. కేబుల్ మర్చిపోతే మాత్రం అది బ్యాగులో ఇటుకే.

ఇంకోటి, టార్చ్. ఫోన్ ఫ్లాష్‌లైట్ వాడితే ఒక చెయ్యి దానికే పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. తలకి కట్టుకునే చిన్న హెడ్‌ల్యాంప్ కొనండి. చీకటి పడకముందే తిరిగొస్తాం నిజమే, అయినా బ్యాగులో ఉండాలి.

ఐపీ68 ఉంది కదా అని జలపాతం కిందకి వెళ్లొచ్చా?

ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. రెండో అంకె 7 అయితే ఒక మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు. 8 అయితే అంతకంటే ఎక్కువ, ఎంత అనేది కంపెనీ చెబుతుంది. ఇదంతా కదలకుండా నిలిచి ఉన్న మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద, ల్యాబ్‌లో చేసే టెస్ట్.

జలపాతం నిలిచిన నీళ్లు కాదు. వేగంగా వచ్చి తగిలే నీటి జెట్‌కి వేరే టెస్ట్ ఉంది, దాని అంకెలు 5, 6. రెండో అంకె 8 ఉన్నంత మాత్రాన జెట్ టెస్ట్ కూడా పాసైనట్టు కాదు. రెండూ పాసైతే కంపెనీ రెండు రేటింగ్స్ విడిగా రాస్తుంది. పైగా ఒకసారి కింద పడి ఫ్రేమ్ కొంచెం వంగిన ఫోన్‌లో సీల్ ఎలా ఉందో బయటికి తెలీదు. లోపలికి నీళ్లు వెళ్తే మామూలుగా వారంటీ వర్తించదు.

కాబట్టి ధార కింద తడవాలంటే మీరు తడవండి, ఫోన్ ఒడ్డునే ఉండాలి. తుంపర పడే చోట ఫోటోలు తీయాలంటే జిప్ కవర్ చాలు. తడి వేళ్లకు టచ్ సరిగా పలకదు, వాల్యూమ్ బటన్‌తో షట్టర్ నొక్కండి. ఛార్జింగ్ పోర్ట్ తడిస్తే, పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టడం లాంటివి వద్దు, ఆ పొడి పోర్ట్‌లోకి వెళ్లి ఇంకో సమస్య అవుతుంది. పోర్ట్ కిందకి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి గాలికి ఆరనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యం: సెల్ఫీ కోసం పాచి పట్టిన బండ మీదకి వెళ్లొద్దు. స్క్రీన్‌లో మీ ముఖం చూసుకుంటూ వెనక్కి అడుగు వేసే ఆ రెండు సెకన్లలో మీ కాళ్లు ఎక్కడున్నాయో మీకు తెలీదు. మడుగు ఎంత లోతో పైనుంచి చూస్తే అంచనా దొరకదు.

వాన ఎక్కడ పడుతోందన్నదే ప్రశ్న

వెదర్ యాప్‌లో ఎండ బొమ్మ చూసి బయల్దేరడం సరిపోదు. జలపాతంలోకి వచ్చే నీళ్లు మీ నెత్తిన పడ్డవి కావు, పై కొండల్లో పడ్డవి. మీరున్న చోట ఎండ కాస్తూ ఉండగానే పైన గంట సేపు కుండపోత పడితే, ఆ నీళ్లు కాసేపటికి మీ దగ్గరికి వస్తాయి. మోకాలి లోతు వాగు నడుం లోతు అవడానికి ఎక్కువసేపు పట్టదు.

నేను చూసేవి మూడు. ఒకటి, వాతావరణ శాఖ మౌసమ్ యాప్. జిల్లా వార్నింగ్ రంగు ఆరెంజ్ లేదా రెడ్ ఉంటే ట్రిప్ క్యాన్సిల్, చర్చ లేదు. వాతావరణ శాఖ భాషలో భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం. యెల్లో ఉంటే నేనైతే ఆ రోజు వదిలేస్తాను. రెండు, చెన్నై రాడార్ చిత్రం. పొద్దున బయల్దేరే ముందు, చెక్‌పోస్టు దగ్గర నెట్ ఉంటే ఇంకోసారి. శేషాచలం వైపు మబ్బుల గుంపు కదులుతుంటే అందులో కనిపిస్తుంది. మూడు, పిడుగుల కోసం దామిని యాప్. మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల కదలికను చెబుతుంది.

నెట్ లేని చోట మీ కళ్లే రాడార్. తేటగా ఉన్న నీళ్లు ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, నీళ్ల హోరు పెరిగినా వెంటనే పైకి, ఒడ్డుకి వచ్చేయండి. బ్యాగు తర్వాత తెచ్చుకోవచ్చు. ఈలోపు వాగు పొంగి దారి మూసుకుపోతే దాటొద్దు. ఎత్తైన చోట ఆగండి. ముత్యంధార దగ్గర అంతమంది క్షేమంగా బయటపడటంలో ఆ ఆగడం కూడా ఉంది.

టైమ్ ప్లాన్: మీ ఫోన్‌లో అసలైన సేఫ్టీ ఫీచర్ అలారం

నడకకి ఎంత టైమ్ పడుతుందో లెక్కేయడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పాడు: గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఉదాహరణకి 2 కిలోమీటర్ల దూరం, 150 మీటర్ల ఎక్కుడు అనుకుందాం. 24 నిమిషాలు, దానికి 15 కలిపితే 39. ఇది మంచి దారిలో గట్టిగా నడిచేవాళ్లకి. రాళ్లు, తడి, ఫోటోలు, ఆగడాలు కలుపుకుని నేను రెట్టింపు చేస్తాను. అంటే 80 నిమిషాలు.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేయండి. డిసెంబర్ మధ్యలో అక్కడ సూర్యాస్తమయం దాదాపు 5:48కి. కానీ కోనలో ఎండ చాలా ముందే కొండ వెనక్కి పోతుంది, చెట్ల కింద మసక మొదలవుతుంది. కాబట్టి 3 గంటలకల్లా మీరు బండి దగ్గర ఉండాలి. తిరుపతి నుంచి అయితే ప్లాన్ ఇలా:

- 6:00 తిరుపతిలో బయల్దేరడం. టిఫిన్ పార్సిల్, నీళ్లు.
- 8:00 చెక్‌పోస్టు, టికెట్. దారి, నీళ్ల పరిస్థితి సిబ్బందిని అడగడం.
- 8:30 నడక మొదలు. ట్రాక్ రికార్డింగ్ ఆన్, ఫ్లైట్ మోడ్ ఆన్.
- 10:00 లోపు జలపాతం.
- 12:30 వెనక్కి తిరిగే టైమ్. జలపాతం చేరినా, చేరకపోయినా.
- 2:00 కి గుడి దగ్గర. ఇంకా గంట మన చేతిలో ఉంది.

ఆ 12:30కి అలారం పెట్టండి, గ్రూప్‌లో అందరి ఫోన్లలో. "ఇంకో పది నిమిషాలు" అనే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లో ఒకడు ఉంటాడు. వాడితో మనం వాదించక్కర్లేదు, పొద్దున అందరం ఒప్పుకుని పెట్టిన అలారం మాట్లాడుతుంది. బస్సులో వెళ్తుంటే రిటర్న్ బస్సు టైమ్ దిగేటప్పుడే కండక్టర్‌ని అడగండి, దాన్ని బట్టి ఈ టైమ్ ఇంకా ముందుకి జరపాలి.

చీకటి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ కొండల్లో ఏనుగులు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర అడవి దారిలో నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేసి ప్రాణాలు తీశాయి. పైగా ఇది ఎర్రచందనం అడవి. స్మగ్లర్ల కోసం సిబ్బంది గస్తీ తిరిగే చోట వేళకాని వేళ కనిపిస్తే మీరు చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది. గుర్తులున్న దారి వదలొద్దు, లోకల్ గైడ్ లేకుండా జలపాతం పైభాగానికి ఎక్కొద్దు.

ఎమర్జెన్సీ: 112 ఎప్పుడు కలుస్తుంది, ఎప్పుడు కలవదు?

ఫోన్ మీద కనిపించే రెండు మాటలకి తేడా తెలుసుకోండి. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని ఉంటే మీ కంపెనీ టవర్ లేదు కానీ వేరే కంపెనీ టవర్ అందుతోంది. 112 కొడితే దాని ద్వారా కలిసే అవకాశం ఉంది. "నో సర్వీస్" అంటే ఏ టవర్ లేదు. అప్పుడు 112 కూడా కలవదు. ఎత్తైన, ఆకాశం కనిపించే చోటికి క్షేమంగా వెళ్లగలిగితే వెళ్లి మళ్లీ ప్రయత్నించాలి.

మన దేశంలో అమ్మే ఫోన్లకి పానిక్ బటన్ 2017 జనవరి 1 నుంచి తప్పనిసరి. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ని వరసగా నొక్కడం ద్వారా పనిచేస్తుంది, ఫోన్‌ని బట్టి 3 లేదా 5 సార్లు. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో ఎమర్జెన్సీ సెట్టింగ్స్‌లో ముందే చూడండి. అక్కడే బ్లడ్ గ్రూప్, ఇంటివాళ్ల నంబర్ కూడా పెట్టేయండి. లాక్ స్క్రీన్ నుంచే వేరేవాళ్లు చూడగలుగుతారు.

సిగ్నల్ ఒక్క గీత వచ్చిపోతూ ఉంటే కాల్ కంటే ఎస్ఎమ్ఎస్ నయం. కాల్ నిలబడటానికి సిగ్నల్ తెగకుండా ఉండాలి, మెసేజ్‌కి కొన్ని క్షణాలు చాలు. ఏం రాయాలి? మ్యాప్‌లో మీ చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు నంబర్లు వస్తాయి, ఇక్కడైతే ఒకటి 13తో, ఇంకోటి 79తో మొదలవుతుంది. పాయింట్ తర్వాత నాలుగు అంకెలు రాస్తే దాదాపు 11 మీటర్ల తేడాలో మీ చోటు తెలుస్తుంది. ఆ నంబర్లు, ఎంతమంది ఉన్నారు, ఏం జరిగింది, బ్యాటరీ ఎంత. అంతే.

కానీ ఇవన్నిటికంటే నమ్మకమైనది ఏ టెక్నాలజీ అవసరం లేని పద్ధతి. బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఎక్కడికి, ఎవరెవరితో, ఏ బండి, ఏ టైమ్‌కి తిరిగి ఫోన్ చేస్తాం, ఆ టైమ్ దాటి రెండు గంటలైతే ఎవరికి చెప్పాలి. అమ్మకి చెప్తే పంపదేమో అనుకుంటే అన్నకో, రూమ్మేట్‌కో చెప్పండి. మీ ఫోన్ చచ్చిపోయినా ఆ మెసేజ్ వాళ్ల దగ్గర పనిచేస్తూనే ఉంటుంది.

ఇంట్లోనే వదిలేయాల్సిన గ్యాడ్జెట్స్

డ్రోన్: ఇది జాతీయ ఉద్యానవనం. అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

బ్లూటూత్ స్పీకర్: వద్దు. జంతువులకి, పక్కవాళ్లకి ఇబ్బంది సంగతి అలా ఉంచితే, పైనుంచి నీళ్లు పెరుగుతున్న చప్పుడు మీకు వినపడకుండా చేస్తుంది. నడిచేటప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌బడ్స్ కూడా అంతే.

శాటిలైట్ మెసెంజర్: యూట్యూబ్‌లో విదేశీ ట్రెకర్లు వాడేవి చూసి ఆర్డర్ పెట్టొద్దు. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. వీటితో వచ్చిన విదేశీయులను ఎయిర్‌పోర్టుల్లో ఆపిన సందర్భాలు ఉన్నాయి. ఐఫోన్ 14 నుంచి వస్తున్న శాటిలైట్ ఎస్ఓఎస్ కూడా ఇది రాసే నాటికి ఇండియాలో లేదు. మన దగ్గర ఫోన్ హార్డ్‌వేర్ ఉన్నంత మాత్రాన సర్వీస్ ఉన్నట్టు కాదు.

ముందు రోజు రాత్రి చెక్‌లిస్ట్

- రెండు ఆఫ్‌లైన్ మ్యాప్స్ డౌన్‌లోడ్, ఫ్లైట్ మోడ్ టెస్ట్
- మ్యాప్ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయడం
- ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్. కేబుల్ బ్యాగులోనే
- మౌసమ్ యాప్‌లో జిల్లా వార్నింగ్ రంగు
- 12:30 అలారం, అందరి ఫోన్లలో
- ఎమర్జెన్సీ కాంటాక్ట్, బ్లడ్ గ్రూప్ సేవ్
- ఇంటికి ప్లాన్ మెసేజ్
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, గ్రిప్ ఉన్న బూట్లు, హెడ్‌ల్యాంప్, విజిల్, జిప్ కవర్లు, బ్యాండేజ్, చెత్త వెనక్కి తేవడానికి ఒక సంచి

ఈ లిస్ట్‌కి పట్టేది గంట. దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు, ప్రో మోడల్ అస్సలు అక్కర్లేదు. మూడేళ్ల పాత 15 వేల ఫోన్ అయినా సరే, సరిగ్గా సెట్ చేసుకుంటే, ఏమీ సెట్ చేయని లక్ష రూపాయల ఫోన్ కంటే అడవిలో బాగా పనిచేస్తుంది. రాత్రే ఇదంతా చేసుకుంటే జలపాతం దగ్గర మీకు ఫోన్‌తో పెద్దగా పని ఉండదు. నాలుగు ఫోటోలు తీసుకుని, ఫోన్‌ని జిప్ కవర్లో పెట్టేసి, అలారం మోగేదాకా ఆ నీళ్లని చూస్తూ కూర్చోండి.